నాలుగో మెట్టు దగ్గరే మూసుకుపోయిన చెవి: సీ వాక్ తర్వాత వచ్చిన ఒక కేసు

"చెవులకు నీళ్లే పోలేదు గద సారూ. తలకాయంతా పొడిగనే ఉండె. మరి చెవెట్ల పాడైతది?"

మిర్యాలగూడ వైపు నుంచి నల్గొండలో ఈఎన్‌టీ ఓపీకి వచ్చిన 42 ఏళ్ల మహిళ అడిగిన మొదటి ప్రశ్న ఇది. అండమాన్ టూరుకు వెళ్లి, అక్కడ హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున చేపల మధ్య నడిచి, మర్నాడు విమానంలో శంషాబాద్‌లో దిగారు. దిగిన మూడో రోజు ఓపీకి వచ్చారు. ఎడమ చెవి దిబ్బడ, నొప్పి, తన మాట తనకే కుండలోంచి వినిపించినట్టు ఉండటం ఆమె చెప్పిన ఇబ్బందులు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాం. సంక్రాంతి దాటాక మన జిల్లాల నుంచి అండమాన్ వెళ్లే గుంపుల్లో సీ వాక్ చేయకుండా వచ్చేవాళ్లు తక్కువ. ఈత రాకపోయినా చేయొచ్చు, కళ్లద్దాలు తీయక్కర్లేదు, జుట్టు తడవదు అన్నది దాని ప్రచారం. ఆ మూడూ నిజమే. చెవి సంగతి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఆమె ప్రశ్నకు జవాబు హెల్మెట్ పనిచేసే తీరులోనే ఉంది. చెంబును బోర్లించి నిటారుగా నీళ్లలో ముంచితే లోపలి గాలి బయటికి పోదు. ఆ చెంబుకు ముందువైపు అద్దం పెట్టి, పైనున్న పడవ మీది కంప్రెసర్ నుంచి గాలి పైపు తగిలిస్తే సీ వాక్ హెల్మెట్ అవుతుంది. అడుగు తెరిచే ఉంటుంది. గాలి ఎడతెగకుండా లోపలికి వస్తూ, ఎక్కువైనది భుజాల దగ్గర బుడగలుగా పోతుంటుంది, నీళ్లు గడ్డం కింద ఆగిపోతాయి. గట్టు మీద 30 కిలోలకు పైగా తూగే హెల్మెట్ నీళ్లలో తేలికవడానికి కారణం కూడా ఆ గాలే. లోపల 25 లీటర్ల గాలి ఉందంటే 25 కిలోల బరువును నీళ్లే మోస్తాయి, భుజాల మీద ఆరేడు కిలోలు మిగులుతాయి. వంగితే మాత్రం చెంబు ఒరిగినట్టే, గాలి ఒక పక్కనుంచి జారి నీళ్లు ముఖం దాకా వస్తాయి. 1820లలో ఇంగ్లండులో డీన్ సోదరులు వాడిన హెల్మెట్‌కూ ఇదే బలహీనత ఉండేది. సీబ్ అనే హెల్మెట్ తయారీదారు 1837లో దాన్ని ఒంటి మీది సూటుకు బిగించి మూసింది అందుకే. పర్యాటకులకు ఇచ్చేది మాత్రం ఇప్పటికీ ఆ పాత తెరిచిన రకమే. ప్రమాదమొస్తే తలమీంచి ఎత్తేసి పైకి రావచ్చు కాబట్టి ఈ పనికి అదే మేలు.

హెల్మెట్‌లో ఉన్నది గాలే అయినా దాని ఒత్తిడి ఆ లోతులో నీటికి ఉన్నంతే ఉంటుంది. అంతకంటే తక్కువైతే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఆరు మీటర్ల లోతులో అది గట్టు మీద ఉన్నదానికి 1.6 రెట్లు. అంటే కర్ణభేరిని బయటినుంచి నొక్కింది ఈ పొడి గాలే. నీళ్లు తగలకపోయినా చెవి మాత్రం ఆరు మీటర్ల లోతుకు దిగింది.

పరీక్షలో కనిపించింది

కుడి చెవి మామూలుగా ఉంది. ఎడమ కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి, మధ్యలోని సుత్తి ఎముక పిడి పొడవునా, దాని చుట్టూ పొరలోకి నెత్తురు దిగి ముదురు ఎరుపుగా కనిపించింది. వెనక పసుపు రంగు ద్రవం, అందులో రెండు మూడు గాలి బుడగలు. రంధ్రం లేదు. ఇలాంటి దెబ్బలకు వాడే టీడ్ స్కేలు 0 నుంచి 5 వరకు ఉంటుంది. పొర చిరిగితే 5. ఇది 3.

512 హెర్ట్జ్ ఫోర్కును మోగించి నుదుటి మధ్య ఆనించే వెబర్ పరీక్షలో శబ్దం ఎడమవైపుకే వెళ్లింది, ఎడమ చెవికి రిన్నీ నెగటివ్, అంటే ఫోర్కు శబ్దం గాలి కంటే ఎముక ద్వారానే ఎక్కువ వినిపించింది. ఈ రెండూ కలిస్తే లోపలి చెవి బాగుందని, శబ్దం దాన్ని చేరే దారిలోనే అడ్డు ఉందని అర్థం. ఎంత చిన్న శబ్దం దాకా వినపడుతుందో కొలిచే ఆడియోమెట్రీ కూడా అదే చెప్పింది (అంకె తగ్గితే మేలు): ఎడమ చెవికి గాలి ద్వారా 40 డెసిబెల్స్, ఎముక ద్వారా 10. కర్ణభేరి కదలికను గీసే టింపనోగ్రామ్ ఎడమకు బి టైప్, అంటే గీత చదునుగా వచ్చింది. కుడికి ఏ టైప్, అంటే మామూలే. తల తిరగడం లేదు, కళ్లు అదరడం లేదు, కళ్లు మూసుకుని నిలబడితే తూలలేదు.

ఫోర్కు పరీక్షకు ఒక్క నిమిషం పట్టదు, కానీ ఇలాంటి కేసులో దాన్ని వదిలేయకూడదు. వెబర్ శబ్దం బాగున్న చెవివైపు వెళ్లినా, గిర్రున తల తిరుగుతున్నా, చెవిలో హోరు మొదలైనా అది మధ్య చెవి దెబ్బ కాకపోవచ్చు. బిగపట్టి ముక్కు ఊదినప్పుడు లోపలి చెవి కిటికీ పొర చిరిగి ఉండొచ్చు. అది అదే రోజు పెద్దాసుపత్రికి పంపాల్సిన కేసు. దాన్ని దిబ్బడ అనుకుని చుక్కలు రాసి పంపేస్తే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

ముక్కులో చూస్తే మధ్య గోడ ఎడమవైపు వంగి ఉంది, కండలు వాచి ఉన్నాయి. ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు నుంచీ జలుబు. మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుని వేసుకుంటే ముక్కు కారడం తగ్గిందట. అండమాన్‌లో సీ వాక్ దగ్గర ఇచ్చిన కాగితంలో 'జలుబు ఉందా' అన్న గడిలో లేదని టిక్కు పెట్టారు. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. కారడం ఆగితే మన ఇళ్లల్లో జలుబు పోయిందనే అంటాం. ముక్కు వెనక, చెవి నాళం మూతి దగ్గర వాపు తగ్గడానికి ఇంకా వారం పట్టొచ్చు. ఆ కాగితం ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా 'గత పది రోజుల్లో జలుబు గోలీ వేసుకున్నారా' అని అడిగి ఉంటే దొరికిపోయేది.

ఇంటికి వచ్చాక చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోశారు. రంధ్రం లేదు కాబట్టి నష్టం జరగలేదు. ఉండి ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి దిగేది.

నిచ్చెన మీద ఏం జరిగింది

మధ్య చెవిని ముక్కు వెనక భాగానికి కలిపే యూస్టేషియన్ నాళం సుమారు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు ఒక్క క్షణం తెరుచుకుంటుంది. బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ గుర్తుందా? ఈ నాళం మూతి తీరు కూడా దాదాపు అంతే. చెవిలోంచి ముక్కులోకి గాలి తనంతట తాను జారిపోతుంది. ముక్కులోంచి చెవిలోకి మాత్రం మనం తెరిస్తేనే పోతుంది. అందుకే పైకి వచ్చేటప్పుడు కంటే దిగేటప్పుడే చెవులకు కష్టం.

సముద్రంలో మీటరు దిగితే 75 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి పెరుగుతుంది. బయటికీ లోపలికీ తేడా 60 దగ్గర చెవి నొప్పి పెడుతుంది. 90 దాటితే నాళం మెత్తటి మూతిని ఆ ఒత్తిడే నొక్కి పట్టేస్తుంది, ఆపైన ఎంత గుటక వేసినా కండరానికి దాన్ని తెరిచే శక్తి చాలదు. 90 అంటే 1.2 మీటర్ల లోతు. నిచ్చెన మెట్ల మధ్య దూరం అడుగు చొప్పున లెక్క వేసుకుంటే, హెల్మెట్ పెట్టాక దిగే నాలుగో మెట్టు. దిగాల్సింది ఇరవై మెట్లు. చెవి దక్కేదీ పోయేదీ మొదటి నాలుగింట్లోనే. అడుగుకు చేరాక 450 మిల్లీమీటర్ల తేడా మీద ముక్కు మూసి ఊదడం మోటారు కాలిపోయాక స్టార్టర్ నొక్కడం లాంటిది.

ఆమె చేసింది సరిగ్గా అదే. మెట్ల మీద ఒక్కసారి కూడా ముక్కు మూయలేదు. రెండు చేతులూ నిచ్చెనను పట్టుకునే ఉన్నాయి, కింద గైడు కాలు పట్టి మెట్టు మీద పెడుతున్నాడు. నిమిషం లోపే కిందికి తీసుకెళ్లాడు. కంప్రెసర్ గాలి హెల్మెట్‌లో హోరుమంటుంటే చెవి బిగుసుకోవడాన్ని ఆ హోరే అనుకున్నారు. నొప్పి మొదలయ్యేసరికి సగం దాటిపోయారు. అడుగున హెల్మెట్ కింది నుంచి చెయ్యి పెట్టి ముక్కు నొక్కి ఊదితే కుడి చెవి తెరుచుకుంది, ఎడమది తెరుచుకోలేదు.

ఎలా నొక్కారో చూపించమన్నాం. వేళ్లు ముక్కు పైన ఎముక దగ్గర పెట్టారు. ముక్కుపుడక ఎడమవైపు. దాని మీద నొక్కితే గుచ్చుకుంటుందని వేళ్లు అలవాటుగా పైకి జరిగాయి. ఎముకను ఎంత నొక్కినా ముక్కు రంధ్రం మూసుకోదు, ఊదిన గాలి ఎడమ రంధ్రంలోంచి బుస్సున పోయింది. ఇన్నేళ్ల పుస్తకాల్లో ముక్కుపుడక గురించి ఎక్కడా చదివినట్టు లేదు. కానీ మన దగ్గర ఆడవాళ్లకు ఈ పాఠం చెప్పేటప్పుడు మొదట దానితోనే మొదలుపెట్టాలి. దిగే రోజు పుడక తీసేయాలి, లేదా మెత్తటి రెక్కలు రెండూ కలిసేలా పుడక కింద పట్టు దొరుకుతుందో లేదో గట్టు మీదే చూసుకోవాలి.

సైగల దగ్గర ఇంకో తప్పు జరిగింది. గైడు 'బాగుందా' అని అడిగితే ఆమె బొటనవేలు పైకెత్తారు. డైవింగ్ భాషలో ఆ సైగకు 'పైకి పోదాం' అని అర్థం. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. గైడు అయోమయపడి మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె సున్నా చుట్టి చూపించారు. వీడియో తీస్తున్నారు, గుంపు మొత్తం చూస్తోంది, చేపలు వచ్చేశాయి, ఇప్పుడు పైకి పోతే డబ్బులు దండగ అనిపించింది. చెవి బాగాలేదని చెప్పే సైగ వేరే ఉంది: అరచేతిని చదునుగా పట్టి అటూ ఇటూ ఊపి, వేలితో చెవి చూపించాలి. దిగేముందు అది నేర్పారు, కానీ హిందీలో, పది మందికి ఒకేసారి, పడవ ఇంజను శబ్దంలో.

అడుగున ఉన్నది పావుగంట. ఆ పావుగంట ఆమెకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. గైడు చేతిలోని రొట్టె ముక్కల కోసం పసుపు వీపు మీద నల్ల చారలున్న చేపలు ముసురుకున్నాయి, వాటిని సార్జెంట్ మేజర్ అంటారు. కాస్త దూరంలో పగడాన్ని కొరుకుతున్న రామచిలుక చేప, ఒకచోట ఎనిమోనీ అనే సముద్ర జీవి తీగల్లో దాక్కున్న చిన్న క్లౌన్ చేప. రొట్టె వేయడం వద్దనే అంటాం. ఆకలిగొన్న ఒకే జాతి గుంపు మిగతా చేపల్ని తరిమేస్తుంది, వేళ్లు కూడా కొరుకుతుంది. పగడాన్ని, పెద్ద ఆల్చిప్పను దెబ్బతీసినా, ముక్క విరిచి తెచ్చినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు.

ఆమె చూసిన ఆ చేపలకూ ఇదే సమస్య ఉంది. వాటి కడుపులో గాలి తిత్తి ఉంటుంది. రీఫ్ చేపల్లో చాలావాటికి దానికి బయటికి దారి లేదు, గాలిని నెత్తుటిలోకి కొద్దికొద్దిగా పీల్చుకుంటూ, వదులుతూ లోతుకు సర్దుకుంటాయి. వాటిని గబుక్కున పైకి లాగితే తిత్తి ఉబ్బిపోతుంది. మన నాగార్జునసాగర్‌లో దొరికే బొచ్చె, రవ్వలకు ఆ తిత్తి నుంచి గొంతు వైపు సన్నటి నాళం ఉంటుంది, గాలిని నోటి గుండా వదిలేయగలవు. పైగా ఆ తిత్తి చిన్న ఎముకల వరసతో లోపలి చెవికి కలిసి ఉంటుంది, వాటి వినికిడి అంత చురుగ్గా ఉండేది అందుకే. ఈ ముచ్చట చెబితే నాళం ఎందుకు ముఖ్యమో రోగులకు చటుక్కున అర్థమవుతోంది.

బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లు అడిగేది ఒకటుంది: అడుగు మట్టి తెచ్చే పందెంలో ఎన్నోసార్లు మునిగాం, మాకేం కాలేదే అని. మునిగేవాడికి చెవి నొప్పి తెలుస్తూనే ఉంటుంది, ఊపిరి కూడా అయిపోతుంది, తాళలేక తిరిగి పైకి వచ్చేస్తాడు. హెల్మెట్‌లో శ్వాసకు కొరత లేదు, కాబట్టి పైకి రమ్మని తరిమేది ఏదీ ఉండదు. చెవి ఒక్కటే ఎర్రజెండా ఊపుతుంటుంది. ఇక పందేలకు మునిగి కర్ణభేరి చిరిగినవాళ్లు లేరని కాదు, వాళ్లలో కొందరి చెవి నుంచి ఏళ్ల తరబడి చీము కారుతుంటుంది.

విమానం

ఒక్క డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలన్న నియమాన్ని గుంపు పాటించింది. ఆ 12 గంటలు ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి పెట్టినవి. ఆరు మీటర్ల లోతులో పావుగంటకు ఆ భయం చాలా తక్కువ. దెబ్బతిన్న చెవికి 12 గంటలు ఏ మూలకూ చాలవు. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది. ఎనిమిది వేల అడుగులంటే సుమారు 565 మిల్లీమీటర్లు. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది, అక్కడ 705 వరకు ఉంటుంది. దిగే అరగంటలో 140 మిల్లీమీటర్ల తేడా, అప్పటికే వాచి మూసుకున్న నాళం మీద పడింది. నొప్పి ఎక్కువైంది అప్పుడే. ద్రవం కూడా అప్పుడే పెరిగి ఉంటుంది. అండమాన్‌లోనే ఒక ఈఎన్‌టీకి చూపించుకుని మూడు నాలుగు రోజులు ప్రయాణం వాయిదా వేసుంటే బాగుండేది. గుంపు టికెట్లలో అది జరిగే పని కాదని మాకూ తెలుసు.

చికిత్స

జైలోమెటజోలిన్ 0.1 శాతం ముక్కు చుక్కలు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు మాత్రమే. అంతకుమించి వాడితే చుక్కలు మానగానే ముక్కు మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్లూటికాసోన్ స్ప్రే మూడు వారాలు. కొట్టేటప్పుడు మొన మధ్య గోడ వైపు కాకుండా అదే వైపు చెవి దిక్కుకు తిప్పి కొట్టాలి, చాలామంది గోడకే కొట్టి నెత్తురు తెచ్చుకుంటారు. నొప్పికి పారాసిటమాల్ 650. ఆమెకు బీపీ ఉంది కాబట్టి ముక్కు దిబ్బడ తగ్గించే గోలీ (డీకంజెస్టెంట్) రాయలేదు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, చీము లేదు కాబట్టి అవసరం లేదు. చెవిలో చుక్కలు, నూనె, దూది ఏవీ వద్దన్నాం. ముక్కు బిగించి గట్టిగా ఊదడం రెండు వారాలు నిషేధం, గుటక వేయడం మాత్రం ఎన్నిసార్లయినా.

ఇంకో వారంలో శివరాత్రి. శ్రీశైలం పోవచ్చా అని అడిగారు. సీ వాక్‌తో పోలిస్తే ఘాట్ రోడ్డు చాలా చిన్న విషయం: వంద మీటర్లు దిగితే పెరిగేది ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లే, అదీ బస్సు వేగంతో. వారం తర్వాతి పరీక్షలో ద్రవం తగ్గుతుంటే వెళ్లొచ్చని, దిగుడు రోడ్డు మీద సోంపు నములుతూ ఉండమని, పడుకోవద్దని చెప్పాం. నిద్రలో గుటకలు తగ్గిపోతాయి.

వెళ్లబోయేవాళ్లను ఇప్పుడు ఎలా చూస్తున్నాం

బుక్ చేసేముందు ముక్కు మూసి గుటక వేయమంటాం, ఆ సమయంలో కర్ణభేరి కదలడం స్కోపులో చూస్తాం. రెండు చెవుల్లోనూ టప్‌మని వినిపించి, పొర కదిలితే సరే. ఒక్కటి కదలకపోయినా ఆ వారం వద్దు. జలుబుతో ఉండి గోలీ వేసుకుని దిగడం ఇంకా అన్యాయం: అడుగున ఉండగానే మందు పనితనం అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవి లోపలినుంచి ఉబ్బుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు 'మాకు ఒత్తిడి సమస్యే రాదు కదా' అంటారు. తర్కం సరైనదే. కానీ హెల్మెట్ ఒక్కసారి ఒరిగితే చల్లని ఉప్పునీరు మధ్య చెవిలోకి పోయి అడుగున గిర్రున తల తిరుగుతుంది, పైదేదో కిందదేదో తెలియదు. మధ్య చెవిలోని చిన్న ఎముక స్టేపీస్‌కు ఆపరేషన్ అయినవాళ్లకు, మూర్ఛ, గర్భం, గుండెజబ్బు, ఊపిరితిత్తి ఎప్పుడైనా కుంచించుకుపోయిన చరిత్ర, అదుపులో లేని ఆస్తమా ఉన్నవాళ్లకు వద్దనే చెబుతాం.

దిగేవాళ్లకు చెప్పేది ఇంతే. గట్టు మీద ఉండగానే ఒకసారి చెవులు తెరవండి. హెల్మెట్ పెట్టాక ప్రతి మెట్టుకూ ఆగి, ఒక చెయ్యి కింది నుంచి లోపలికి పెట్టి, ముక్కు రెక్కలు మూసి గుటక వేయండి, చెవి తెరుచుకోకపోతే తర్వాతి మెట్టు దిగొద్దు. బిగిస్తే ఒక మెట్టు పైకెక్కి మళ్లీ చేయండి. రెండుసార్లు పైకెక్కినా తెరుచుకోకపోతే డబ్బులు మరిచిపోయి బయటికి రండి. అడుగున వంగి రాయి ఏరొద్దు. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు. ఆరు మీటర్ల నుంచి నిండు ఊపిరితో వస్తే ఆ గాలి 1.6 రెట్లవుతుంది, మీటరున్నర లోతు నుంచి బిగపట్టి వచ్చినా ఊపిరితిత్తి చిరగొచ్చు. హెల్మెట్ తీసేయాల్సి వస్తే పైకి చేరేదాకా 'ఆ...' అంటూ గాలి వదులుతూనే ఉండాలి.

ఏడో రోజు ఎరుపు ముదురు గోధుమ రంగుకు తిరిగింది, బుడగలు పెరిగి ద్రవం తగ్గింది. శ్రీశైలం వెళ్లొచ్చారు. 21వ రోజు పొర తేటగా ఉంది, ఆడియోమెట్రీలో ఎడమ చెవి 15 డెసిబెల్స్, టింపనోగ్రామ్ ఏ టైప్. మళ్లీ దిగొచ్చా అని ఆమె అడగలేదు, వెంట వచ్చిన మరదలు అడిగింది, వచ్చే నెల వాళ్ల గుంపు పోతోందట. ఆమెను కూర్చోబెట్టి స్కోపు పెట్టాం. ముక్కు మూయమంటే ఆమె వేళ్లు కూడా పుడక మీదుగా పైకే పోయాయి. "గట్ల కాదే, కిందికి పట్టు" అని వదినగారే చెయ్యి దించారు. అప్పుడు రెండు పొరలూ కదిలాయి.